లీటరు లెక్క

కోయంబత్తూరులో ఎక్కించిన ఆవులు తొమ్మిది వందల కిలోమీటర్ల దాకా లారీలో ఊగుతూ వచ్చి హైదరాబాదు శివారులో దిగాయి. మొత్తం ఇరవై. 2012 నాటి మాట. అంత దూరం నిలబడి వచ్చిన ఆవు దిగగానే ఏం చేస్తుందో కొట్టం తెలిసినవాళ్లకు కొత్త కాదు. ముందు తొట్టిలో మూతి ముంచి నీళ్లు తాగుతుంది. కొత్త గడ్డిని వాసన చూసి పక్కకు నెట్టేస్తుంది. కొత్త చెయ్యి పడితే చేపదు. అమ్మినవాడు పూటకు ఎనిమిది లీటర్లని ఒట్టేసి చెప్పిన ఆవు ఆ వారమంతా నాలుగు దగ్గరే ఆగిపోతుంది. కొన్నవాడు బకెట్టులోకి తొంగిచూసి, దాణా బస్తా వైపు చూసి, మళ్లీ బకెట్టు వైపు చూస్తాడు.

ఆ ఇరవై ఆవులు కొన్నది ఇందుకూరి కిశోర్. ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి, అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పాలిమర్ శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఇంటెల్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసి, వదిలేసి వచ్చిన మనిషి. రాగానే పాడి పెట్టలేదు. కూరగాయలు పండించి చూశారు, పిల్లలకు పోటీ పరీక్షల శిక్షణ ఇచ్చి చూశారు. ఇంట్లో చిన్న పిల్లాడు. వాడికి ధైర్యంగా పట్టగల పాలు ఊళ్లో దొరకడం లేదన్న చింత పాడి వైపు తిప్పింది. అది ఒట్టి అనుమానం కూడా కాదు. సరిగ్గా ఆ సంవత్సరం మొదట్లోనే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశవ్యాప్తంగా తీసిన 1,791 పాల నమూనాల ఫలితాలు బయటికొచ్చాయి. అందులో 68.4 శాతం ప్రమాణాలకు తగ్గట్టు లేవు. ఎక్కువ చోట్ల దోషం నీళ్లది, పాలపొడిది.

2016లో కొడుకు పేరు మీద సిడ్స్ ఫార్మ్ అని రిజిస్టరు చేశారు. ఫారం హైదరాబాదు దగ్గరి షాబాద్‌లో. 2018కి ఆరు వేల ఇళ్లు దాటాయి. ఆ తర్వాత పది వేలు. అప్పటికి నూట ఇరవై మంది దాకా సిబ్బంది, ఏడాదికి 44 కోట్ల వ్యాపారం. ఈ అంకెలన్నీ పత్రికల్లో వచ్చాయి. వచ్చిన తీరు మాత్రం అన్నిచోట్లా ఒక్కటే. మొదటి పేరాలో లక్షల జీతం వదలడం, రెండో పేరాలో ఇరవై ఆవులు, మూడో పేరాలో 44 కోట్లు. ఇరవై ఆవులకీ 44 కోట్లకీ మధ్య ఒక పెద్ద గొయ్యి ఉంది. చదివేవాడు దాని మీంచి దూకేసి చప్పట్లు కొడతాడు. నాకు ఆ గోతిలోకి దిగి చూడాలనిపించింది: ఏ లీటరు నుంచి మిగలడం మొదలవుతుంది?

ముందే ఒక మాట. ఈ కథలో పేర్లు, సంవత్సరాలు, కంపెనీ అంకెలు లోకానికి తెలిసినవే. పాలకేంద్రం దగ్గరి మాటలూ, రూపాయి పైసల లెక్కలూ పాడి ఎలా నడుస్తుందో కళ్లకు కట్టడానికి నేను అల్లినవి. కిశోర్ లెక్కల పుస్తకంలోంచి ఎత్తి రాసినవి కావు.

హైదరాబాదు శివారులో శంకర్‌పల్లి రోడ్డు మీద మోకిల దగ్గర పొద్దున ఆరింటికి నిలబడితే ఈ ప్రశ్న ఒక్క పాడిది కాదని తెలుస్తుంది. విల్లాల గేట్లు ఒకవైపు, వాటిని నమ్ముకుని పుట్టిన దుకాణాలు మరోవైపు. టిఫిన్ సెంటరు, కర్రీ పాయింటు, ఇస్త్రీ బండి, మొక్కల నర్సరీ, కుక్కల దాణా దుకాణం. ఏ టిఫిన్ సెంటరు ఓనరునైనా ఎట్లుందన్నా అని అడగండి. "నడుస్తుందన్నా" అంటాడు. నడవడమంటే గల్లాలో డబ్బు ఉండటం. ఆ డబ్బులో రేపటి నూనె డబ్బా ఉంది, వచ్చే నెల అద్దె ఉంది, మినప్పప్పు షావుకారు బాకీ ఉంది. చట్నీ రుబ్బే భార్యకూ, ప్లేట్లు అందించే బావమరిదికీ ఇవ్వని జీతం కూడా అందులోనే ఉంది. బోర్డు మారేదాకా నడుస్తూనే ఉంటుంది. ఒకరోజు పొద్దున అదే షట్టరు మీద కొత్త ఫ్లెక్సీ కనబడుతుంది. పోయినవాడు చెడ్డ దోసె వేసి పోలేదు. దోసెకు ఎంత పడుతుందో తెలియక పోయాడు.

పాడిలో ఆ తెలియకపోవడం ఇంకా ఖరీదు. దోసెలు పోవట్లేదంటే పిండి తగ్గించి రుబ్బుకోవచ్చు. ఆవును ఈ వారం తక్కువ ఇవ్వమనలేం.

మొదటి దెబ్బ పాలకేంద్రం దగ్గర తగులుతుంది. పొద్దున అయిదున్నర, క్యాన్లు, బాటిళ్లు, వరస. కుర్రాడు చిన్న గిన్నెతో నమూనా తీసి యంత్రం గొట్టం కింద పెడతాడు. అర నిమిషంలో ఎర్ర అంకెలు.

"కాకా, వెన్న మూడున్నర. ఎస్ఎన్ఎఫ్ ఎనిమిది రెండు."

"చుక్క నీళ్లు కలపలే బిడ్డా."

"కలిపినవని నేనంటినా? నీయి ఆవు పాలు, గంతే వస్తది. బర్రె పాలైతే ఏడు దాటుతది. దానికో రేటు, దీనికో రేటు."

"మరి దాణాకు ఒక్కటే రేటు గదరా."

కుర్రాడు నవ్వి చీటీ చింపి ఇస్తాడు. ఆ ముసలాయన అన్న చివరి మాటలో మొత్తం ఆర్థికశాస్త్రం ఉంది. పాలకు ధర కట్టేది అందులోని వెన్నను, వెన్న కాని ఘనపదార్థాన్ని, అంటే ఎస్ఎన్ఎఫ్‌ను బట్టి. ఆవు ఎంత తిన్నది, ఎవరు పిండారు, ఎంత అప్పు చేసి కొన్నారు అన్నది ఆ యంత్రానికి తెలియదు. సంకరజాతి ఆవు పాలు ఎక్కువ ఇస్తుంది, వెన్న తక్కువ ఇస్తుంది. బర్రె పాలకు అలవాటు పడిన తెలంగాణ ధరల పట్టికలో ఆ ఆవు ఎప్పుడూ వెనక బెంచీయే. కిశోర్ పాడి మొదలైన రోజుల్లో టోకున పాలు పోస్తే వచ్చే ధర ఖర్చుకు అందలేదు. నేరుగా ఇళ్లకు వెళ్లాలన్న నిర్ణయం అక్కడ పుట్టింది. ఇదేదో ముందుచూపున్న వ్యాపార వ్యూహం అని ఇప్పుడు చెప్పుకుంటాం గానీ, ఆ పూటకు అది గత్యంతరం లేక తొక్కిన దారి.

సరే, ఖర్చు ఎంత? ఇక్కడే కూర్చుని లెక్క వేద్దాం. ఇరవై ఆవులున్నాయి. ఇరవై ఆవులూ పాలిస్తాయా? ఇవ్వవు. ఈనిన ఆవు పది నెలలు ఇస్తుంది, తర్వాత రెండు మూడు నెలలు వట్టిపోతుంది, చూడి ఆలస్యమైతే ఇంకా ఎక్కువ. ఎప్పుడు చూసినా పద్నాలుగు పాల మీద ఉంటే, ఆరు వట్టిగా నిలబడి తింటుంటాయి. సగటున పది లీటర్ల చొప్పున రోజుకు 140 లీటర్లు.

పాలిచ్చే ఆవుకు ఆరు కిలోల దాణా, కిలో 18 రూపాయలు అనుకుంటే 108. ఇరవై కిలోల పచ్చిగడ్డి, కిలో రెండు చొప్పున 40. అయిదు కిలోల ఎండుగడ్డి 25. మొత్తం 173. పది లీటర్లకు 173 అంటే లీటరుకు 17 చిల్లర. కొత్తగా పాడి పెట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. పాతిక పలికినా ఎనిమిది మిగిలినట్టే అని రాత్రి హాయిగా నిద్రపోతారు.

రెండో రోజు ఆ ఆరు వట్టి ఆవులు గుర్తొస్తాయి. తలకు 101 రూపాయల మేత. అది కూడా ఈ 140 లీటర్లే మోయాలి. లీటరు 22కు చేరుతుంది. కొట్టంలో ముగ్గురు పనివాళ్లకు రోజుకు 250 చొప్పున ఇస్తే ఇంకో అయిదు పైచిలుకు. డాక్టరు, మందులు, సూది, కరెంటు కలిపి రెండు. 29. ఇప్పటిదాకా రాసినదంతా చేతిలోంచి పోయిన డబ్బు. కొంచెం జాగ్రత్త ఉన్న మనిషి ఎవరైనా ఇంతవరకూ వస్తాడు.

ఇక చేతిలోంచి పోకుండా పోయే డబ్బు. అరవై వేలకు కొన్న ఆవు ఆరేళ్ల తర్వాత పది వేలకు పోతుంది. ఆ యాభై వేలు రోజుకు ఇరవై మూడు రూపాయల చొప్పున కరిగిపోతున్నాయి. ఇరవై ఆవుల కరుగు 140 లీటర్ల మీద పంచితే మూడు రూపాయల పైన. ఆవులకు పెట్టిన పన్నెండు లక్షల మీద నూటికి ఏడాదికి పన్నెండు వడ్డీ వేస్తే దాదాపు మరో మూడు. అప్పు తేలేదు, సొంత డబ్బే అంటారా? సొంత డబ్బుకీ ఆకలి ఉంటుంది, అరవదు అంతే. 35.

చివరిది అందరికంటే మొహమాటస్తుడి ఖాతా. తెల్లవారుజామున మూడింటికి లేచి కొట్టం చూసుకుని, ఏడింటికి పాలు ఇళ్లకు చేర్చి, రాత్రి తొమ్మిదింటికి మందు పోసేది ఎవరు? తనే. ఆ పనికి మనిషిని పెడితే నెలకు ఇరవై వేలకు తక్కువకు రాడు. అదీ కలిపితే 40.

ఒకే లీటరు: 17, 22, 29, 35, 40. ముప్ఫైకి అమ్మేవాడు మొదటి మెట్టు మీద నిలబడి చూస్తే పదమూడు రూపాయల లాభం, మూడో మెట్టు మీద రూపాయి లాభం, చివరి మెట్టు మీద పది రూపాయల నష్టం. పాలు అవే, బకెట్టు అదే. చిన్న వ్యాపారం ఎప్పుడు లాభంలోకి వస్తుందని అడిగేవాళ్లను ముందు తమరు ఏ మెట్టు మీద నిలబడి అడుగుతున్నారని అడగాలి. నా మటుకు నేను అయిదో మెట్టు తప్ప మరేదీ ఒప్పుకోను. యజమాని తనకు తాను జీతం రాసుకోని పుస్తకంలో కనబడే లాభం, ఇంటివాళ్ల దగ్గర చెప్పకుండా తీసుకున్న చేబదులు. అందులో ఆడవాళ్ల వంతే ఎక్కువ.

ఈ లెక్కను తారుమారు చేసేవి కాగితం మీద కనబడవు. ఎద తీసుకోండి. ఆవు ఈనిన రెండు మూడు నెలలకు మళ్లీ ఎదకు రావాలి, సూది వేయించాలి, చూడి కట్టాలి. ఎద ఒక రోజు కూడా నిలవదు. అరుస్తుంది, పక్క ఆవు మీదికి ఎక్కబోతుంది, తీగ వేస్తుంది, మేత తగ్గిస్తుంది. చాలాసార్లు ఇదంతా అర్ధరాత్రి దాటాక. మన ఎండలకు సంకరజాతి ఆవులు ఆ మాత్రం కూడా చేయవు. మూగ ఎద అంటారు. కాపలావాడు కునుకు తీశాడా, పోయింది. మళ్లీ 21 రోజులకు గానీ రాదు. ఆ 21 రోజులూ ఎక్కడికీ పోవు, ఆవు బతుకులో వట్టి రోజులకు వెళ్లి చేరతాయి. మన లెక్కలో 101 రూపాయల చొప్పున ఒక్క కునుకు ఖరీదు 2,121. ఇరవై ఆవుల కొట్టంలో ఏడాదికి ఎన్ని కునుకులు? పొదుగువాపు వస్తే ఇంకో కథ. మందు వేసిన ఆవు పాలు కొన్ని రోజులు అమ్మకూడదు, పారబోయాలి. పారబోసేవాడికీ క్యానులో కలిపేసేవాడికీ తేడా పాలకేంద్రం యంత్రంలో కనపడదు, పుస్తకంలో మాత్రం కనబడుతుంది. కలిపేసినవాడి పుస్తకమే అందంగా ఉంటుంది.

ఇళ్లకు వెళ్లడం మొదలుపెడితే ధర చేతిలోకి వస్తుంది, నిజమే. దాంతోపాటు కొత్త ఖర్చులూ వస్తాయి. బండి మీద పాలు వేసే కుర్రాడికి రోజుకు 300 అనుకుందాం. నాలుగు కాలనీలు తిరిగి 60 లీటర్లు వేస్తే లీటరుకు అయిదు రూపాయలు. ఒకే అపార్టుమెంటులో లిఫ్టు ఎక్కి దిగుతూ 120 వేస్తే రెండున్నర. అంటే ఎంతమంది పాలు కట్టించుకున్నారన్నది సగం సంగతే. ఒక గేటు లోపల ఎంతమంది అన్నది మిగతా సగం. కొండాపూర్‌లో వంద ఇళ్లు, ఉప్పల్‌లో పది ఇళ్లు ఉన్నవాడు ఆ పదింటినీ చూసి మురిసిపోతే ఆ వంద ఇళ్ల లాభం పెట్రోలుకు పోతుంది. పదిమందిని వదులుకుంటే లాభం పెరిగే సందర్భాలు వ్యాపారంలో ఉంటాయని ఎవరూ ముందు నమ్మరు.

నెల చందా పద్ధతిలో మరో మాయ ఉంది. ఒకటో తారీఖున అందరూ డబ్బు కట్టేస్తారు. బ్యాంకులో లక్షలు కనబడతాయి. ఇరవై తొమ్మిది రోజుల పాలు ఇంకా ఆవు పొదుగులోనే ఉన్నాయి. ముందే వచ్చిన డబ్బు పాలు పోసేదాకా అప్పు. దాన్ని చూసి కొత్త వ్యాను కొన్నవాళ్లను నెలాఖరుకు దాణా కొట్టువాడు వెతుక్కుంటూ వస్తాడు.

సంక్రాంతి సంగతి వేరే చెప్పాలి. భోగికి మూడు రోజుల ముందు నుంచి ఫోన్లు మొదలవుతాయి: "ఊరెళ్తున్నామండీ, పద్దెనిమిది దాకా పాలు వద్దు." హైదరాబాదు ఖాళీ అవుతుంది, టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరుతాయి, టీవీలు అవే చూపిస్తుంటాయి. ఆవుకు పండగ లేదు. పొద్దున పూట, సాయంత్రం పూట ఇస్తూనే ఉంటుంది. తోడు పెట్టాలి, వెన్న తీయాలి, నెయ్యి కాచాలి. ఈ మిగులు పాలను తిప్పలేకపోయినవాడు పదకొండు నెలలు కూడబెట్టింది ఆ ఒక్క వారంలో పోగొట్టుకుంటాడు. ఇంటింటి పాలు అమ్మేవాళ్ల దగ్గర పెరుగు, పనీరు, నెయ్యి అన్నీ ఎందుకు ఉంటాయో సగం జవాబు ఇక్కడుంది. పాలు మరుసటి రోజుకు నిలవవు, నెయ్యి నిలుస్తుంది.

ఇంత వరకు లీటరు. ఇప్పుడు లీటరుతో నిమిత్తం లేనివి. శీతలీకరణ, వ్యాన్లు, ఆఫీసు, పరీక్షశాల. సిడ్స్ ఫార్మ్ అమ్ముకునే మాటే పరీక్షలు. మందుల అవశేషాలు లేవు, హార్మోన్లు లేవు, ఆవు పాలు ఆవువి, బర్రె పాలు బర్రెవి. ఆ మాటకు ఇక్కడ గిరాకీ ఎందుకుందో 2019 అక్టోబరులో ఇంకోసారి తెలిసింది. ఆహార భద్రతా సంస్థ మళ్లీ 6,432 నమూనాలు తీస్తే ఈసారి నేరుగా కల్తీ తేలినవి దేశం మొత్తం మీద పన్నెండే. ఆ పన్నెండులో తొమ్మిది తెలంగాణవి.

పరీక్షశాల రోజుకు వంద లీటర్లు పరీక్షించినా పదివేలు పరీక్షించినా అందులో మనుషుల జీతం దాదాపు ఒక్కటే. ఇలాంటి నిలకడ ఖర్చు నెలకు మూడు లక్షలు అనుకోండి. అన్ని ఖర్చులూ పోను లీటరుకు ఆరు రూపాయలు మిగులుతాయనుకోండి. సరికి సరి కావడానికి నెలకు యాభై వేల లీటర్లు, అంటే రోజుకు 1,667 అమ్మాలి. ఆ తర్వాతి లీటరు నుంచి మిగులు. ఇంకా మంచి యంత్రం కొన్నారు, ఇద్దరు కెమిస్టులను పెట్టారు, నెల ఖర్చు నాలుగు లక్షలైంది. గీత 2,222కు జరిగింది. ఇంటికో లీటరు చొప్పున అయిదు వందల యాభై పైచిలుకు కొత్త ఇళ్లు కావాలి, నిన్న ఉన్న చోటికే మళ్లీ చేరడానికి. పెరిగే వ్యాపారంలో లాభం ఒకసారి వచ్చి కూర్చుండిపోదు. ప్రతి కొత్త వ్యానుకీ వెళ్లిపోయి, వ్యాను నిండాక తిరిగొస్తుంది. ఏ నెలలో లాభం వచ్చిందని తేదీ అడిగేవాళ్లకు నిజాయితీగా చెప్పాలంటే మూడు నాలుగు తేదీలు చెప్పాలి.

పెద్దవాళ్ల కథలూ ఇంతే. అమెజాన్ 1994లో మొదలైంది. మొదటిసారి ఒక త్రైమాసికానికి లాభం చూపించింది 2001 చివరలో, అదీ 50 లక్షల డాలర్లు. అంతదాకా ఊరుకునే పెట్టుబడిదారులు వాళ్లకున్నారు. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారికి అటువంటివాళ్లు లేరు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల దగ్గర ఊరికే పంచారు. ఊరికే ఇచ్చిన ప్రతి సీసాకీ ఖర్చుంది. కచేరీలో తలకు రాసుకున్నవాడు మరునాడు కొట్టుకెళ్లి ఆ పేరే అడగాలి, అప్పుడే అది ఖర్చు నుంచి పెట్టుబడిగా మారుతుంది. మారింది. 1908లో ఆంధ్రపత్రిక పుట్టడానికి సరిపడా మిగిలింది. అలా మారని ఎన్ని మందుల సీసాలు బొంబాయి కాలవల్లో కలిశాయో ఎవరూ చరిత్ర రాయలేదు.

మళ్లీ 44 కోట్ల దగ్గరికి వద్దాం. రోజుకు 12 లక్షల అమ్మకం. పది వేల ఇళ్లకు పంచితే ఇంటికి 120 రూపాయలు. మధ్యతరగతి ఇంటి పాలు, పెరుగు కలిపి ఆ మాత్రం అవుతుంది. అంకె నమ్మదగిందే. లీటరు అరవై అనుకుంటే రోజుకు ఇరవై వేల లీటర్లు. ఇరవై ఆవులు ఇన్ని పాలు ఇవ్వవు. ఇరవై ఆవులతో మొదలైనది రైతుల దగ్గర పాలు కొని, పరీక్షించి, చల్లబరిచి, ప్యాకెట్టు కట్టి అమ్మే వ్యాపారమైంది. లాభంలోకి వెళ్లే పాడి వ్యాపారాలు దాదాపు అన్నీ ఈ మలుపు తిరుగుతాయి. ఎద, పొదుగువాపు, వట్టి నెలలు, కరిగిపోయే అరవై వేలు, ఇవన్నీ కొట్టంలో ఉంటాయి. ప్యాకెట్టులో ఉండవు. కొట్టం నుంచి ప్యాకెట్టు వైపు జరిగిన కొద్దీ లెక్క తేలికవుతుంది. ఇందులో మోసం లేదు. మంచి ధర ఇచ్చి, సరిగ్గా తూచి కొనేవాళ్లు రైతుకు కావాలి. కానీ మెట్ల లెక్కలో పై మెట్లు ఎవరి ఇంట్లో మిగిలిపోయాయో మర్చిపోకూడదు.

చేవెళ్ల పక్క ఊళ్లలో రెండావులున్న ఇంటికి వెళ్లండి. పాలు పోసినందుకు పదిహేను రోజులకో బిల్లు. తేదీ, పూట, వెన్న, ఎస్ఎన్ఎఫ్, లీటర్లు, రేటు. అడుగున కోతలు, దాణా బస్తాలు రెండు, పాత బాకీ. మిగిలిన అంకె చూసి ఇంటామె మడిచి కొంగున కట్టుకుంటుంది. ఎంత మిగులుతుందక్కా అంటే, "ఏం మిగుల్తది, పెండ మిగుల్తది, దూడ మిగుల్తది" అంటుంది. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు కొట్టంలో చేసిన పని ఆ బిల్లులో ఏ గడిలోనూ లేదు. దానికి కూలి కట్టమంటే నవ్వుతుంది. ఉపాధి హామీ పనికి పోతే ఎంతిస్తారో ఆమెకు తెలుసు. ఈ ఇంట్లో ఎవరూ అయిదో మెట్టు ఎక్కి చూడరు. చూస్తే మరుసటి వారం ఆవులను అంగడికి తోలేస్తారు.

ఆరో మెట్టు ఒకటుంది, దాన్ని ఇప్పటిదాకా కావాలనే దాచాను. నేల. 2023 ఆగస్టు 7న హెచ్‌ఎండీఏ మోకిలలో యాభై ప్లాట్లు వేలం వేసింది. గజానికి ప్రారంభ ధర 25 వేలు పెడితే, అన్నిటికంటే తక్కువ పలికిన ప్లాటు 72 వేలు, ఎక్కువ పలికినది లక్షా 5 వేలు. ఒక్క రోజులో 121 కోట్లు. రోడ్లు, కాలవలు వేసిన ప్లాటునూ వట్టి పొలాన్నీ ఒకే తాటి మీద కట్టకూడదు, అందుకని ప్రభుత్వం పెట్టిన 25 వేలే తీసుకుందాం. ఎకరానికి 4,840 గజాలు. 12 కోట్ల 10 లక్షలు. నూటికి ఆరు వడ్డీకి వేసి కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఏడాదికి 72 లక్షల పైన. మన ఇరవై ఆవుల పాడి అన్ని మెట్లూ ఎక్కి, లీటరుకు నికరంగా అయిదు రూపాయలు మిగుల్చుకుంటే వచ్చేది ఏడాదికి రెండున్నర లక్షలు. ఈ లెక్క వేసుకున్న రైతుకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మోకిల చుట్టుపక్కల కొట్టాలు అందుకే విల్లాలయ్యాయి. ఆ విల్లాల్లోకి వచ్చినవాళ్లు మొదట అడిగేది కల్తీలేని పాలు ఎక్కడ దొరుకుతాయని.

పక్కనే మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లను గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం 1996లో తెచ్చిన 111 జీవో చాలాకాలం పట్టి ఉంచింది. కట్టడాలకు అడ్డు పడ్డ ఆ కాగితమే పూలతోటలకూ పశువులకూ నీడ అయింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ జీవో వచ్చాక అక్కడి ఎకరాలూ గజాల్లో మాట్లాడటం నేర్చాయి. బీజాపూర్ రోడ్డులో మర్రిచెట్లు దాటుకుని చేవెళ్ల అవతలికి, షాబాద్‌కు, ఇంకా పరిగి వైపుకు పోయిన కొద్దీ ఆవుకు నిలబడే జాగా దొరుకుతుంది. సిడ్స్ ఫార్మ్‌లోకి తర్వాత ఆమ్నివోర్ వంటి వ్యవసాయ పెట్టుబడి సంస్థల డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో కొత్త ఇళ్లు వస్తాయి, కొత్త పాలు కావాలి, అవి ఇంకా దూరం నుంచి రావాలి. పాతిక కిలోమీటర్లు దూరం జరిగితే ట్యాంకరు డీజిలు, దారిలో చల్లదనం కలిసి లీటరు మీద ఎంత పడుతుందో ముందు రాసుకోవాలి. ఆ తర్వాత అది ధరలో వేయాలా, రైతు రేటులో కోయాలా, గేటుకు మరో పది ఇళ్లు వెతకాలా అని తేల్చుకోవాలి. మోకిలలో షట్టరు అద్దెకు తీసుకుని పాల డిపో పెడదామనుకునే కుర్రాడు కూడా బోర్డు రాయించే ముందు వేసుకోవలసింది ఈ లెక్కే.